తలుపు మీద చెయ్యి

బెల్టు తియ్యండి. సెల్‌ఫోను, తాళంచెవులు, చిల్లర అన్నీ ఆ ట్రేలో పడెయ్యండి. మీ సంచీ ఎక్స్‌రే యంత్రంలోకి పోతోంది. మీరు మెటల్ డిటెక్టర్ గుమ్మం దాటుతున్నారు. ఏ చప్పుడూ రాలేదు. సంచీ తీసుకుని పక్కకి జరగండి, వెనక క్యూ ఉంది.

ఇది బెర్లిన్. క్రోయిట్స్‌బెర్గ్ పేటలో లిండెన్‌స్ట్రాస్సె అనే వీధి. మీరు వచ్చింది విమానాశ్రయానికి కాదు, యూదుల మ్యూజియానికి. మ్యూజియం చూడ్డానికి ఇంత సోదా ఏమిటని అనిపిస్తోంది కదూ? జర్మనీలో యూదుల బడి ముందైనా, సినగాగ్ అనే వాళ్ల ప్రార్థనామందిరం ముందైనా కాపలా ఉంటుంది. 2019 అక్టోబరు 9న, యూదులకి ఏడాది మొత్తంలో పవిత్రమైన యోమ్ కిప్పూర్ రోజున, హాలె పట్టణంలో ఒకడు తుపాకులతో సినగాగ్ మీదికి వచ్చాడు. లోపల యాభై మందికి పైగా ఉన్నారు. తలుపు మీద కాల్చాడు. తలుపు విరగలేదు. లోపలివాళ్లు బతికారు. బయట వీధిలో ఉన్న ఒకావిడ, కబాబ్ దుకాణంలో ఉన్న ఒక కుర్రాడు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇప్పుడు సోదా చేసినవాళ్ల మీద మీకు విసుగు లేదు. లోపలికి రండి.

మీరు నిలబడ్డ ఈ భవనం 1735 నాటిది. ఒకప్పుడు కోర్టు. దీని పక్కనే, జింకు రేకు తొడుక్కుని, మెలికలు తిరుగుతూ ఇంకో భవనం ఉంది. వచ్చేటప్పుడు బయటినుంచి చూసే ఉంటారు. గోడల మీద అడ్డదిడ్డంగా కోసినట్టు సన్నని కిటికీలు. దానికి వీధిలోంచి గుమ్మం లేదు. రెండు భవనాల మధ్య నేల మీద వంతెన కూడా లేదు. అందులోకి వెళ్లాలంటే ఈ పాత కోర్టులోంచి భూమి కిందికి దిగాల్సిందే.

దిగండి. నల్లరాతి మెట్లు. కిందికి వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. ఆఖరి మెట్టు దిగి నాలుగడుగులు వేశాక మోకాళ్లకి ఏదో తేడా తెలుస్తుంది. నేల సమంగా లేదు. కొంచెం ఎగువకి వాలి ఉంది. మీ ముందు పొడవాటి తెల్లటి నడవ. దాన్ని కోసుకుంటూ ఇంకోటి. ఇంకోటి. మొత్తం మూడు దారులు.

ఒక దారి దేశం విడిచి పారిపోయినవాళ్లది. ఒకటి చంపబడినవాళ్లది. మూడోది అన్నిటికంటే పొడవైనది, పైకి, ఇంకా సాగుతున్న బతుకులోకి వెళ్లేది. ఏది ముందు చూడాలో ఎవరూ చెప్పరు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. మీరూ ఆగండి, ఫరవాలేదు. దీన్ని గీసిన డానియెల్ లీబెస్కిండ్ కోరుకున్నది కూడా మీరు ఆగాలనే. ఆయన 1946లో పోలండ్‌లోని లోడ్జ్‌లో, హోలోకాస్ట్ అనే యూదుల ఊచకోత నుంచి ప్రాణాలతో బయటపడ్డ తల్లిదండ్రులకి పుట్టాడు. 1999లో ఈ భవనం పూర్తయ్యింది. లోపల ఒక్క వస్తువు కూడా పెట్టకముందే, ఉత్త గోడలు చూడ్డానికి దాదాపు 3,50,000 మంది వచ్చారు. ఎందుకొచ్చారో మీ మోకాళ్లు ఇప్పటికే చెబుతున్నాయి.

పారిపోయినవాళ్ల దారి పట్టండి.

గోడ మీద ఊళ్ల పేర్లు వస్తున్నాయి. న్యూయార్క్, బ్యూనస్ ఐరిస్, షాంఘై. గోడలో అక్కడక్కడా అద్దాల అరలు. వాటిలో ఇళ్లలోంచి వచ్చిన మామూలు సామాన్లు: ఉత్తరాలు, ఫొటోలు, కాయితాలు. ఇవి కొన్నవి కావు. ఆ కుటుంబాల వాళ్లు దాచుకుని, దాచుకుని, చివరికి మ్యూజియం చేతికిచ్చినవి. ప్రతిదాని పక్కనా ఎవరిదో, వాళ్లేమయ్యారో నాలుగు ముక్కలు రాసి ఉంటుంది.

ఆ పేర్లకి మీరు ఇంకో ఊరి పేరు కలుపుకోండి. బొంబాయి. బెర్లిన్‌లో సంగీతం చదువుకున్న వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు యువకుడు నాజీల రాజ్యం వచ్చాక, 1934లో ఓడెక్కి బొంబాయిలో దిగాడు. తర్వాత అక్కడి రేడియోలో పనిచేశాడు. తెల్లవారుజామున స్టేషన్ తెరుచుకునేముందు తంబురా మీద వయొలిన్‌తో వచ్చే ఆకాశవాణి సంకేత సంగీతం ఉంది చూశారా, అది ఆయన కట్టినదే. విజయవాడ కేంద్రం పట్టుకుని పొద్దున్నే భక్తిరంజని కోసం ఎదురుచూసిన ప్రతి తెలుగింట్లోనూ, ఇల్లు విడిచి వచ్చిన ఒక మనిషి స్వరం ముందుగా మోగింది. ఈ దారి మీకు అంత దూరపుది కాదు.

నడవ చివర బరువైన తలుపు. తోయండి.

బయట గాలి. ఆకాశం. ఎదురుగా కాంక్రీటు స్తంభాలు, వరసకి ఏడు చొప్పున ఏడు వరసలు. ఒక్కోటి ఆరు మీటర్ల ఎత్తు. కొసల మీద చెట్లు ఉన్నాయి, ఆకులు గాలికి వెండిరంగులో కదులుతున్నాయి. కానీ కొమ్మ అందదు, వేరు కనబడదు. దీన్ని తోట అంటారు కదా అని మీరు హాయిగా మధ్యలోకి నడుస్తారు. రెండో వరసకే తల తిరుగుతుంది.

నేల 12 డిగ్రీలు ఒరిగి ఉంది. స్తంభాలు ఆ నేలకి నిటారుగా ఉన్నాయి కాబట్టి అవీ ఒరిగి ఉన్నాయి. కళ్లు ఇదే నిటారు అంటున్నాయి, చెవిలోపలి తూకం కాదంటోంది. పాపికొండల లాంచీలో రోజంతా తిరిగి గట్టు మీద కాలు పెట్టినప్పుడు ఒళ్లు ఇంకా నీళ్ల మీదే ఊగుతుందే, అలా. చెయ్యి చాచి స్తంభం పట్టుకోండి. చల్లగా, గరుకుగా ఉంది. పట్టుకుని నిలబడే ఆలోచించండి.

ఇది 1938 నవంబరు అనుకోండి. మొన్న 9వ తేదీ రాత్రి దేశమంతటా సినగాగ్‌లు తగలబెట్టారు. మీ దుకాణం అద్దాలు పగిలి రోడ్డు మీద ఉన్నాయి. దాదాపు 30,000 మంది యూదు మగవాళ్లని పట్టుకుపోయారు. మీ తమ్ముడు వాళ్లలో ఉన్నాడు. మీ పాస్‌పోర్టు మీద గత నెలలోనే, యూదులని తెలిసేలా, ఎర్రటి 'జె' అక్షరం కొట్టించుకొచ్చారు. వెళ్లాలంటే ఆస్తిలో నాలుగోవంతు పన్ను కట్టాలి. మిగిలినదాన్ని బ్యాంకులో వదిలెయ్యాలి. జేబులో 10 మార్కులు మాత్రం తీసుకెళ్లవచ్చు.

ఎక్కడికి? జులైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాల ప్రతినిధులు కూర్చుని ఈ మాటే మాట్లాడుకున్నారు. చాలా జాలిపడ్డారు. దాదాపు అందరూ తలుపులు మూసుకున్నారు. వీసా అడగని ఊరు ఒక్కటే కనబడుతోంది, షాంఘై. మీరు ఎప్పుడూ చూడని చైనాలో, యుద్ధం జరుగుతున్న చోట. ఓడ టికెట్టు దొరకాలి. డెబ్భై దాటిన మీ అమ్మ రానంటోంది. ఇంగ్లండు పిల్లల్ని మాత్రం తీసుకుంటానంది, 17 ఏళ్లలోపు వాళ్లని, తల్లిదండ్రులు లేకుండా. అలా 10,000 మంది దాకా పిల్లలు వెళ్తారు. మీ అమ్మాయికి ఎనిమిదేళ్లు. మెళ్లో అంకె రాసిన అట్టముక్క కట్టి, ఒక పెట్టె చేతికిచ్చి, రైలెక్కించాలి. మీరు ఎక్కకూడదు.

ఎక్కిస్తారా?

ఆ రైళ్లెక్కిన పిల్లల్లో చాలామంది అమ్మానాన్నల్ని మళ్లీ చూడలేదు. ఎక్కించనివాళ్లలో చాలామందికి పిల్లలు దక్కలేదు. స్తంభం వదలబుద్ధి కావడం లేదు కదా. షాంఘై వెళ్లిన ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. బెర్లిన్ దగ్గర ఓరానియెన్‌బుర్గ్‌లో 1926లో పుట్టిన మైకేల్ బ్లూమెంతాల్. నవంబరు దాడుల్లో వాళ్ల నాన్నని బూహెన్‌వాల్డ్ శిబిరానికి పట్టుకుపోయారు. ఆయన తిరిగొచ్చాక 1939లో కుటుంబమంతా షాంఘై చేరింది. ఆ కుర్రాడు పెద్దయ్యి అమెరికాకి ఆర్థికమంత్రి అయ్యాడు. డెబ్భయ్యేళ్లు దాటాక తనను తరిమిన ఊరికి తిరిగొచ్చి, 2001లో ఈ మ్యూజియాన్ని జనానికి తెరిచినది ఆయనే.

చుట్టూ ఉన్న 48 స్తంభాల్లో బెర్లిన్ మట్టి పోశారు, ఇజ్రాయెల్ ఏర్పడ్డ 1948కి గుర్తుగా. నడుమ ఉన్న ఒక్కదాన్లో జెరూసలేం మట్టి. ఇప్పుడు లోపలికి పదండి. రెండో దారి ఉంది.

ఇక్కడ గోడల మీద పేర్లు మారాయి. ఇవి నాజీలు మనుషుల్ని చంపిన చోట్లు. ఆష్విట్స్. ట్రెబ్లింకా. రెండు పేర్లు చదివేసరికి మీ నడక నెమ్మదిస్తుంది. నేల ఎత్తు పెరుగుతోంది, పైకప్పు ఎత్తు పెరగడం లేదు. నడవ ఇరుకవుతున్నట్టుంది. చివర నల్లటి తలుపు. పక్కన మ్యూజియం ఉద్యోగి నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్తారా అని కళ్లతోనే అడుగుతాడు. బలవంతం లేదు.

వెళ్లండి.

తలుపు మీ వెనక మూసుకుంది. ఆ చప్పుడు పైకి వెళ్లి, ఎక్కడో తగిలి, తిరిగొచ్చింది. చీకటి. చలి. ఇక్కడ హీటర్లు లేవు. బయట ఎంత చలి ఉంటే లోపల అంత. నాలుగు వైపులా ఉత్త కాంక్రీటు. 24 మీటర్ల ఎత్తు. ఒక మూల గోడలు సూదిగా కలుస్తాయి. తలెత్తండి. చాలా పైన సన్నటి చీలిక. అక్కడినుంచే వెలుతురు. మీ దాకా రాదు.

చెవి పెట్టండి. కారు హారన్. ఎవరో నవ్వారు. వీధి అవతలే ఉంది. మామూలుగా నడుస్తోంది. మీరిక్కడ ఉన్నట్టు వాళ్లకి తెలియదు.

గోడకి నిచ్చెన ఉంది. మొదటి మెట్టు అందదు.

వీపు గోడకి ఆనిస్తారు. చల్లదనం చొక్కాలోంచి దిగుతుంది. ఎవరూ మాట్లాడరు. మీ ఊపిరి మీకు వినబడుతోంది. ఎంతసేపైంది? తెలీదు. తలుపు అటుంది. తియ్యొచ్చు. మీరు తియ్యొచ్చు.

తియ్యండి.

నడవలో వెచ్చగా ఉంది. మీరు బయటపడ్డ ఆ బురుజు ఏ శిబిరానికీ నకలు కాదు. ఇది దానిలా ఉందని ఎవరూ అనరు, అనకూడదు కూడా. మీరు తలుపు తోసుకుని వచ్చేశారు. యూరప్‌లో 60 లక్షల మంది రాలేకపోయారు. బెర్లిన్ నగరం ఒక్కదాన్లోంచే 55,000 మందికి పైగా.

చాలామంది సందర్శకులు ఇక్కడితో అలిసిపోతారు. చూడాల్సింది చూసేశామనుకుని పై అంతస్తుల్లో గబగబా తిరిగి బయటపడతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇది నేను గట్టిగానే చెబుతున్నాను. ఒక జాతిని వాళ్ల చావుతోనే గుర్తుపెట్టుకుంటే చంపినవాళ్లు చెప్పిన కథే మనమూ చెప్పినట్టవుతుంది. మూడో దారి పట్టండి. అది మెట్ల దగ్గరికి తీసుకెళ్తుంది. నిటారు మెట్లు, తల మీద అడ్డంగా కాంక్రీటు దూలాలు. ఆయాసం వస్తుంది. ఎక్కండి.

పైన మనుషులు ఉన్నారు. చదువుకున్నవాళ్లు, చదువురానివాళ్లు, వ్యాపారులు, కవులు, వంటచేసేవాళ్లు, దేవుణ్ణి నమ్మినవాళ్లు, నమ్మకుండా వాదించినవాళ్లు. ఈ నేల మీద వాళ్ల కథ హిట్లర్‌తో మొదలవలేదు. యూదుల్ని నగరసభలోకి పిలవవచ్చని రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కొలోన్ నగరానికి ఉత్తర్వు పంపింది 321లో. అంటే 1,700 ఏళ్ల కాపురం.

తోరా దగ్గర ఆగండి. తెలుగు బైబిల్లో ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా ఉన్న ఐదు పుస్తకాలే అది. తోలు మీద చేత్తో రాసిన చుట్ట. మొత్తం 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం తప్పితే దిద్దేదాకా ఆ చుట్ట చదవడానికి పనికిరాదు. రాసేవాడు జ్ఞాపకం మీద రాయకూడదు. ఎదురుగా ఇంకో ప్రతి పెట్టుకుని, ప్రతి మాటా పైకి పలికి రాయాలి. చదివేటప్పుడు అక్షరాల్ని వేలితో ముట్టుకోరు. వెండి పుల్లతో చూపిస్తూ చదువుతారు. ఆ పుల్ల కొస దగ్గరికి వంగి చూడండి. చిన్న వెండి చెయ్యి, పిడికిలి మూసి, చూపుడువేలు ఒక్కటి చాపి ఉంది. ఆ వేలికి గోరు కూడా చెక్కాడు కంసాలి. దాని కింద ఎన్ని తరాల పిల్లలు వరస తప్పకుండా చదవడానికి తడబడి ఉంటారో.

ఇంకాస్త ముందుకి వెళ్తే మోజెస్ మెండెల్సన్ ఎదురవుతాడు. 1743లో, 14 ఏళ్ల పిల్లాడు, తన గురువు బెర్లిన్ వెళ్లిపోయాడని డెస్సావ్ నుంచి బయల్దేరి వచ్చాడు. యూదులకి అప్పుడు నగరంలోకి రావడానికి రోజెన్‌తాల్ గుమ్మమే దారి. అక్కడ ఆపి ఎవరివి, ఎందుకొచ్చావు అని అడిగేవారు. ఆ పిల్లాడు చదువుకోడానికొచ్చాడు. పగలు పట్టు కార్ఖానాలో లెక్కలు రాస్తూ, మిగతా వేళల్లో రాసుకుంటూ యూరప్ అంతా పేరు విన్న తత్త్వవేత్త అయ్యాడు. ఐదు కాండాల్నీ జర్మన్‌లోకి తెచ్చాడు. సంగీతకారుడు ఫెలిక్స్ మెండెల్సన్ ఆయన మనవడే.

గదులు దాటుతున్నారు. ఏళ్లు గడుస్తున్నాయి. సమాన హక్కులు వచ్చాయి. డాక్టర్లు, వకీళ్లు, దుకాణదారులు, పత్రికలవాళ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ తరఫున దాదాపు 1,00,000 మంది యూదులు పోరాడారు, 12,000 మంది చనిపోయారు. ఇంటిగోడకి శౌర్యపతకం వేలాడుతోంది. మనం ఇక్కడివాళ్లమే అనే ధీమా ఇళ్లలో కుదురుకుంది.

ఇప్పుడు ఒక గది. పైకప్పు నుంచి నేల దాకా పొడవైన తెల్లటి కాయితాలు వేలాడుతున్నాయి. వాటి మధ్యలోంచి నడవాలి. ఒక్కోదాని మీద ఒక్కో ఉత్తర్వు. యూదులకి వ్యతిరేకంగా నాజీ ప్రభుత్వం, నగరసభలు, శాఖలు చేసినవి, 900కి పైగా. ఎక్కడా రక్తం లేదు. అచ్చు అక్షరాలే. మీ కథ అనుకుని చదవండి.

1933 ఏప్రిల్. మీది ప్రభుత్వోద్యోగం. ఇక రావద్దన్నారు. వేరే పని చూసుకుంటారు. ఇది ఎన్నాళ్లులే అనుకుంటారు.

1935 సెప్టెంబరు. యూదులు కానివాళ్లని మీరు పెళ్లి చేసుకోకూడదు. మీరు ఇక ఈ దేశ పౌరులు కూడా కారు. స్నేహితులు సర్దిచెబుతారు. కనీసం ఇప్పుడు నియమాలు తెలిశాయి కదా అంటారు.

1938 నవంబరు. పగిలిన మీ అద్దాలకి జరిమానా యూదులే కట్టాలి, వంద కోట్ల మార్కులు. సినిమాకి వెళ్లకూడదు. మీ పిల్లాడు బడికి వెళ్లకూడదు.

డిసెంబరు. కారు లైసెన్సు ఇచ్చెయ్యండి.

1939 జనవరి. మీ పేరుకి ప్రభుత్వం ఇంకో పేరు తగిలించింది. మగవాళ్లందరూ ఇజ్రాయెల్. ఆడవాళ్లందరూ సారా. సంతకంలో రాయాలి.

సెప్టెంబరు. యుద్ధం మొదలైంది. రాత్రి ఎనిమిది తర్వాత గడప దాటకూడదు. రేడియో అప్పగించండి.

1940. బెర్లిన్‌లో సరుకులకి సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకానే వెళ్లాలి. అప్పటికి కూరలు ఉండవు. టెలిఫోను తీసేస్తారు.

1941 సెప్టెంబరు. ఆరేళ్లు దాటిన ప్రతివాళ్లూ గుండె మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలి.

అక్టోబరు. దేశం విడిచి వెళ్లడం నిషేధం. తలుపు మూసేశారు.

1942 జనవరి. ఉన్ని బట్టలు ఇచ్చెయ్యండి. చలికాలం.

మే. కుక్క ఉండకూడదు. పిల్లి. చిలక.

సెప్టెంబరు. మాంసం లేదు. గుడ్డు లేదు. పాలు లేవు.

తర్వాత 16 పేజీల ఫారం. ఆస్తి వివరాలు. కుర్చీలెన్ని. దుప్పట్లెన్ని. నింపండి. సంతకం.

తలుపు తట్టారు.

మొదటి రైలు బెర్లిన్‌లోని గ్రూనెవాల్డ్ స్టేషన్ నుంచి 1941 అక్టోబరు 18న, 1,000 మందికి పైగా మనుషులతో కదిలింది. అది వెళ్లిన ఊరు లోడ్జ్. ఈ భవనాన్ని గీసిన మనిషి ఆ తర్వాత ఐదేళ్లకి పుట్టిన ఊరు.

కాయితాల మధ్య ఎక్కడో ఒకచోట మీరు వెనక్కి తిరిగి చూస్తారు. ఏ ఉత్తర్వు దగ్గర ఆపి ఉండాల్సింది? ప్రతిదాన్నీ ఎవరో ఒక గుమాస్తా టైపు చేశాడు. ఎవరో సంతకం పెట్టారు. పొరుగింటివాళ్లు చదివారు. కుక్కని తీసుకుపోయిన మనిషి ఒకడున్నాడు. కుర్చీలు వేలంలో పాడుకున్నవాళ్లు ఉన్నారు. ఆ గుమాస్తాల దగ్గర తుపాకులు లేవు. నాకు ఈ మ్యూజియం మొత్తంలో బురుజు కంటే ఎక్కువ భయం వేసేది ఈ గదిలోనే.

కిందికి దిగితే భవనంలోని ఖాళీల్లో ఒకటి ఎదురవుతుంది. లీబెస్కిండ్ ఈ కట్టడాన్ని పైనుంచి కిందిదాకా చీలుస్తూ ఇలాంటి ఖాళీలు వదిలాడు, ఇక్కడ ఉండాల్సినవాళ్లు లేరని. ఈ ఒక్కదాన్లోకి అడుగుపెట్టనిస్తారు. కాలు పెట్టబోయి ఆగుతారు.

నేలంతా ముఖాలు.

గుండ్రంగా, అరచేతి కంటే పెద్దగా కోసిన ఇనుప ముఖాలు. 10,000కి పైగా. రెండు కళ్లు, ముక్కు, తెరిచిన నోరు. ఒకదాని మీద ఒకటి పడి, గోడ దాకా. ఇజ్రాయెల్ శిల్పి మెనాషె కడిష్మన్ చేసినవి. ఒక్క యూదుల కోసమే కాదు, యుద్ధంలో, హింసలో చచ్చిపోయిన ఏ తప్పూ చేయని వాళ్లందరికీ అంకితం చేశాడు. మీరు వీటి మీద నడవొచ్చు. వద్దనే బోర్డు లేదు.

నడుస్తారా?

మనం పొరపాటున పుస్తకం మీద కాలు పడితేనే కళ్లకద్దుకునేవాళ్లం. కాలు లేవదు. పక్కన ఒకావిడ నడుస్తోంది. ఇనుము ఇనుముతో కొట్టుకుని కర్ణకఠోరంగా మోగుతోంది. మీరు ఒక అడుగు వేస్తే ముఖం పాదం కింద కదులుతుంది. ఇంకో ముఖాన్ని తడుతుంది. ఆ చప్పుడు మీదే. నడిచినవాళ్లని తప్పుపట్టను, గట్టునే ఉండిపోయినవాళ్లని పిరికివాళ్లనను. కానీ ఏదో ఒకటి మీరే తేల్చుకోవాలి. మీ బదులు ఇంకెవరూ తేల్చరు.

వెళ్లేముందు చివరి వీడియో గదిలో కూర్చోండి. ఇప్పుడు జర్మనీలో ఉన్న యూదులు మాట్లాడుతున్నారు. సోవియట్ యూనియన్ కూలాక అటునుంచి 2,00,000 మందికి పైగా వచ్చి చేరారు. ఒకరికి మతం ముఖ్యం, ఒకరికి కాదు. ఒకరు ఇది మా ఇల్లు అంటారు. ఇంకొకరు అలా అనలేకపోతున్నానంటారు. వాళ్లలో వాళ్లకే ఒప్పుదల లేదు. బతికున్నవాళ్ల గొడవ అది. తృప్తిగా వినండి.

బయటికొచ్చాక కాఫీ తాగండి. మీ మనసులో ప్రశ్న ఉంది, అది నాకు తెలుసు. ఒక్క మనిషి ఏం చెయ్యగలిగేవాడు? దానికి జవాబు ఉన్న చోటు దగ్గర్లోనే ఉంది. యు6 మెట్రో ఎక్కి ఫ్రీడ్రిహ్‌స్ట్రాస్సెలో దిగి, లోకల్ రైలు పట్టుకుని హాకెషర్ మార్క్ట్ చేరండి. అక్కడినుంచి నడక. వీధి పేరు రోజెన్‌తాలర్ స్ట్రాస్సె. ఆ 14 ఏళ్ల పిల్లాడు వచ్చిన గుమ్మం వైపు వెళ్లే వీధి. 39వ నంబరు. ఇరుకు పెరడు, గోడల నిండా కుర్రాళ్లు వేసిన రంగుల బొమ్మలు, పెచ్చులూడిన సున్నం. ఎడమవైపు మెట్లెక్కండి. టికెట్టు లేదు.

చెక్క నేల కిర్రుమంటోంది. ఇది బ్రష్‌లు, చీపుళ్లు చేసిన కార్ఖానా. యజమాని ఓటో వైట్. యూదుడు కాదు. ఆయనకీ చూపు దాదాపు పోయింది. పనివాళ్లలో ఎక్కువమంది చూపులేని, వినబడని యూదులు. సైన్యానికి బ్రష్‌లు అమ్ముతాడు కాబట్టి ఈ పని యుద్ధానికి అవసరమని కాయితం సంపాదించాడు. ఒకసారి గెస్టాపో అనే నాజీల రహస్య పోలీసులు వచ్చి పనివాళ్లని పట్టుకుపోతే, లంచాలిచ్చి, ఆర్డర్లు ఆగిపోతాయని వాదించి, వాళ్లందర్నీ వెంటబెట్టుకుని నడిపించుకొచ్చాడు.

ఆఖరి గదిలోకి వెళ్లండి. కిటికీ లేదు. దీని గుమ్మానికి అడ్డంగా అప్పుడు బట్టల బీరువా ఉండేది. బట్టలు జరిపి లోపలికి దూరాలి. 1943 జనవరి నుంచి హోర్న్ కుటుంబం ఇక్కడే. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు.

లైటు లేదనుకోండి. అవతల బూట్ల చప్పుడు. దగ్గు వస్తోంది. ఆపండి. పిల్లాడి నోటి మీద చెయ్యి. అవతల వైట్ మాట్లాడుతున్నాడు. మామూలు గొంతు. బీరువా తలుపు తెరుచుకుంది. హేంగర్లు కదిలాయి. ఆగాయి. మూసేశారు.

ఇంకో రోజు గడిచింది.

తొమ్మిది నెలలు అలా గడిచాయి. అక్టోబరులో గెస్టాపో కోసం పనిచేసే ఒకడు ఆచూకీ చెప్పేశాడు. హోర్న్ కుటుంబాన్ని ఆష్విట్స్‌కి పంపారు. తిరిగి రాలేదు. ఇది నేను దాటవెయ్యలేను.

అదే ఏడు, వేరేచోట ఆయన దాచిన ఆలిస్ లిహ్ట్, ఆమె తల్లిదండ్రులు కూడా దొరికిపోయారు. ముందు టెరెజియెన్‌స్టాట్ శిబిరానికి పంపారు. వైట్ అక్కడికి తిండి పొట్లాలు పంపుతూనే ఉన్నాడు. 1944 మేలో ఆష్విట్స్ రైలెక్కించినప్పుడు ఆలిస్ ఒక పోస్టుకార్డు రాసి బయటికి విసిరింది. ఎవరో తీసి పోస్టు చేశారు. ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. కార్డు వైట్‌కి అందింది. అరవయ్యేళ్లు దాటిన, చూపు ఆననివాడు, బ్రష్‌లు అమ్ముకోడానికొచ్చానని చెప్పి ఆష్విట్స్‌కే బయల్దేరాడు. ఆమెని క్రిస్టియన్‌స్టాట్ శిబిరానికి మార్చారని తెలుసుకున్నాడు. అక్కడికి దగ్గర్లో గది అద్దెకి తీసుకుని బట్టలు, మందులు, డబ్బు పెట్టాడు. ఆమెకి కబురు చేర్చాడు. 1945 జనవరిలో ఖైదీల్ని కాలినడకన తోలుకుపోతున్నప్పుడు ఆలిస్ తప్పించుకుంది. బెర్లిన్ చేరింది. యుద్ధం ముగిసేదాకా వైట్ దంపతుల దగ్గర దాక్కుంది. బతికింది. ఆఫీసులో పనిచేసిన ఇంగె డోయిచ్‌క్రోన్ కూడా బతికింది. ఆవిడ జర్నలిస్టయ్యి, ఈ కార్ఖానా మ్యూజియం కావాలని పట్టుబట్టి, 2022లో చనిపోయింది. వైట్ యుద్ధం తర్వాత యూదు అనాథ పిల్లలకి, వృద్ధులకి ఆశ్రయం ఏర్పాటుచేసి 1947లోనే కన్నుమూశాడు.

పక్క గదిలో వాళ్ల ఉత్తరాలున్నాయి. మూసేవేళకి ఇంకా టైముంది. కళ్లజోడు తుడుచుకుని ఎడమవైపు దాంతో మొదలుపెట్టండి.